తెలుగునాట సాంఘిక శాస్త్రాల ఉన్నత విద్య

మానవ సమాజాన్ని, దాని వ్యవస్థలను, అందులోని మనుషుల పరస్పర సంబంధాలను క్రమపద్ధతిలో అధ్యయనం చేసే శాస్త్రాలను సాంఘిక శాస్త్రాలు లేదా సామాజిక శాస్త్రాలు అంటారు. చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి శాస్త్రం, సమాజ శాస్త్రం, మానవ శాస్త్రం, ప్రభుత్వ పాలనా శాస్త్రం మొదలైనవి ఈ కోవలోకి వస్తాయి. భూగోళ శాస్త్రం, మనస్తత్వ శాస్త్రం సగం ఇటు, సగం ప్రకృతి శాస్త్రాల వైపు ఉంటాయి. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలోని విశ్వవిద్యాలయాలలో ఈ శాస్త్రాల బోధన, పరిశోధన దాదాపు శతాబ్దకాలంగా సాగుతున్నాయి. విద్యార్థుల అభిరుచి మారడం, అధ్యాపకుల కొరత, నిధుల లేమి వీటికి ఉన్న సమస్యలుగా తరచు చెబుతారు. వీటన్నిటికంటే పాతదీ, తక్కువగా చర్చకు వచ్చేదీ భాషా సమస్య. ఏ సమాజాన్ని గురించి పరిశోధన జరుగుతున్నదో ఆ సమాజం చదవగలిగే భాషలో ఆ పరిశోధన వెలువడటం లేదు.

సాంఘిక శాస్త్రాలకు ఆదరణ తగ్గడం తెలుగునాటకే పరిమితమైన విషయం కాదు. 2015 జూన్‌లో జపాన్ విద్యాశాఖ అక్కడి జాతీయ విశ్వవిద్యాలయాలను మానవీయ, సాంఘిక శాస్త్ర విభాగాల అవసరాన్ని పునఃపరిశీలించుకోవలసిందిగా కోరడం పెద్ద వివాదమైంది. అయితే జపాన్ విద్యార్థి తన భాషలోనే అర్థశాస్త్రం చదువుకుంటాడు. తెలుగు విద్యార్థి పరిస్థితి వేరు.

చరిత్ర

తెలుగులో ఆధునిక సాంఘిక శాస్త్ర రచన విశ్వవిద్యాలయాలకంటే ముందే మొదలయింది. 1906లో కొమర్రాజు వెంకట లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు, రావిచెట్టు రంగారావు మొదలైనవారు హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని స్థాపించారు. చరిత్ర, జీవిత చరిత్రలు, ప్రకృతి శాస్త్రాలతో పాటు అర్థశాస్త్రాన్ని కూడా సామాన్య పాఠకునికి అందించడం ఆ మండలి ఆశయం. చిలుకూరి వీరభద్రరావు 'ఆంధ్రుల చరిత్రము' ఈ మండలి ద్వారానే వెలువడింది. కేంబ్రిడ్జిలో చదివి వచ్చిన కట్టమంచి రామలింగారెడ్డి తెలుగులో అర్థశాస్త్ర గ్రంథం రచించాడు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు ఆయనే దానికి మొదటి ఉపకులపతి అయ్యాడు. ఉపకులపతి స్వయంగా తెలుగులో అర్థశాస్త్రం రాసినవాడైనా, ఆ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్ర బోధన మాత్రం ఇంగ్లీషులోనే సాగింది.

నిజాం రాజ్యంలో ఇందుకు భిన్నమైన ప్రయోగం జరిగింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉర్దూ బోధనా భాష అయింది. ఇంగ్లీషు పాఠ్యగ్రంథాలను ఉర్దూలోకి తేవడానికి అంతకు ముందు సంవత్సరమే, అంటే 1917లోనే, అనువాద శాఖను నెలకొల్పారు. తరగతులు తెరవడానికి ముందే పుస్తకాల ఏర్పాటు చూసుకోవడం గమనించదగ్గ విషయం. తరువాతి కాలంలో తెలుగు విషయంలో ఈ క్రమం తప్పింది. చరిత్ర, అర్థశాస్త్రమే కాక వైద్యం, ఇంజనీరింగు కూడా ఉర్దూలో బోధించి, భారతీయ భాషలో ఉన్నత విద్య సాధ్యమేనని ఉస్మానియా నిరూపించింది. కాని ఆ రాజ్యంలో ఎక్కువమంది మాతృభాష తెలుగు. మరాఠీ, కన్నడం మాట్లాడేవారూ లక్షల సంఖ్యలో ఉండేవారు. వారికి ఉర్దూ కూడా నేర్చుకోవలసిన భాషే. 1948లో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో విలీనమైన తరువాత బోధనా భాషగా ఉర్దూ స్థానంలో ఇంగ్లీషు వచ్చింది.

ఇరవయ్యవ శతాబ్దం మధ్యభాగంలో తెలుగు ప్రాంతం సాంఘిక శాస్త్ర పరిశోధనకు ముఖ్య క్షేత్రంగా ఉండేది. నిజాం ప్రభుత్వానికి సలహాదారుగా, ఉస్మానియాలో ఆచార్యుడుగా పనిచేసిన క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ చెంచులపై 1943లోను, కొండరెడ్లపై 1945లోను, ఆదిలాబాదు రాజగోండులపై 1948లోను గ్రంథాలు ప్రకటించాడు. ఉస్మానియాలోనే పనిచేసిన ఎస్.సి.దూబే 1951-52లో హైదరాబాదు సమీపంలోని శామీర్‌పేటలో విద్యార్థులు, వివిధ శాఖల అధ్యాపకులతో కలసి క్షేత్ర పరిశోధన జరిపాడు. దాని ఫలితంగా 1955లో వెలువడిన 'ఇండియన్ విలేజ్' భారతీయ గ్రామాధ్యయనాలలో మొదటి వరుసలో నిలిచింది. నేడు శామీర్‌పేట మహానగరంలో కలసిపోతున్నది. ఆ ఊరు అప్పుడెలా ఉండేదో తెలుసుకోగోరిన శామీర్‌పేట యువకుడు ఇంగ్లీషు పుస్తకాన్నే ఆశ్రయించాలి.

తెలుగు మాధ్యమం

కొఠారీ కమిషన్ (1964-66) విశ్వవిద్యాలయ స్థాయిలో కూడా ప్రాంతీయ భాషలను బోధనా భాషలుగా చేయాలని సూచించింది. పాఠ్యపుస్తకాల తయారీకి కేంద్ర ప్రభుత్వం ఒక్కొక్క రాష్ట్రానికి కోటి రూపాయల సహాయాన్ని ప్రకటించింది. ఈ నేపథ్యంలో 1968లో, పి.వి.నరసింహారావు విద్యామంత్రిగా ఉన్న కాలంలో, తెలుగు అకాడమి ఏర్పడింది. ఇంటర్మీడియట్, డిగ్రీ స్థాయి పాఠ్యపుస్తకాలు, వివిధ శాస్త్రాల పారిభాషిక పదకోశాలు అకాడమి ప్రధాన కృషి. తెలుగు మాధ్యమంలో బి.ఏ. చదివిన అనేక తరాల విద్యార్థులకు ఈ పుస్తకాలే ఆధారమయ్యాయి.

ఈ కృషి డిగ్రీ వరకు వచ్చి ఆగిపోయింది. ఎం.ఏ. స్థాయిలో తెలుగులో పరీక్ష రాసే వీలు కొన్నిచోట్ల ఉన్నా, చదవడానికి తగిన గ్రంథాలు కొద్ది. మూల గ్రంథాల అనువాదాలు మరీ తక్కువ. పాఠ్యపుస్తకం ఒక విషయంపై ఒకే అభిప్రాయాన్ని చెబుతుంది. పరస్పరం విభేదించే నాలుగు పుస్తకాలు చదివితే తప్ప సాంఘిక శాస్త్రం అబ్బదు. ఆ నాలుగు పుస్తకాలు ఇంగ్లీషులో ఉంటాయి, తెలుగులో ఒకటే ఉంటుంది, అదీ ప్రశ్న జవాబుల రూపంలోకి కుదించబడి ఉంటుంది.

1982లో హైదరాబాదులో ఏర్పడిన ఆంధ్ర ప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం భారతదేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1991లో దీనికి డా. బి.ఆర్.అంబేద్కర్ పేరు పెట్టారు. దీని మొదటి ఉపకులపతి జి.రాంరెడ్డి ఉస్మానియాలో ప్రభుత్వ పాలనా శాస్త్ర ఆచార్యుడు. తరువాత ఆయన ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతిగాను, విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) అధ్యక్షుడుగాను పనిచేశాడు. ఉద్యోగులు, గృహిణులు, చదువు మధ్యలో మానినవారు ఇంటివద్దనే తెలుగులో చరిత్ర, రాజనీతి చదువుకోగలగడం ఈ సంస్థ సాధించిన గొప్ప మార్పు.

మరోవైపు 2021-22 విద్యాసంవత్సరం నుండి డిగ్రీ కోర్సులన్నిటినీ ఇంగ్లీషు మాధ్యమంలోనే నడపాలని ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం నిర్ణయించింది. ఉద్యోగావకాశాలు పెరుగుతాయన్నది దీనికి చెప్పిన కారణం. ఈ కారణాన్ని తేలికగా తీసివేయలేము. ఇంగ్లీషు రాకపోవడం వలన అవకాశాలు కోల్పోయినవారిలో అధికులు దళిత, గిరిజన, వెనుకబడిన తరగతుల పిల్లలే కనుక, ఆ వర్గాల మేధావులు పలువురు ఇంగ్లీషు మాధ్యమాన్ని గట్టిగా సమర్థించారు. కంచ ఐలయ్య వీరిలో ప్రముఖుడు. సంపన్నుల పిల్లలను ఇంగ్లీషు బడులకు పంపి పేదలకు మాతృభాషను బోధించడం కపటమని వీరి వాదన. తెలుగు మాధ్యమాన్ని సమర్థించేవారి వద్ద ఈ విమర్శకు సూటి సమాధానం ఇంతవరకు లేదు. అయితే ఇంగ్లీషులో ఉన్న పాఠాన్ని అర్థం చేసుకోలేని విద్యార్థి దానిని కంఠస్థం చేస్తాడు; కంఠస్థం చేసిన సాంఘిక శాస్త్రం వలన ఏ ఉద్యోగమూ రాదు అన్నది రెండవ పక్షం వాదన. ఇదీ తోసిపుచ్చదగినది కాదు.

పరిభాష

తెలుగులో సాంఘిక శాస్త్రం రాయడానికి మాటలు లేవన్నది తరచు వినవచ్చే ఆక్షేపణ. నిజానికి మాటలు లేకపోవడం కంటే, ఒకే మాట అనేక పనులు చేయడం పెద్ద చిక్కు.

'జాతి' అన్న మాట ఇందుకు మంచి ఉదాహరణ. జాతీయోద్యమం అన్నప్పుడు ఈ మాటకు యావద్దేశ ప్రజ అని అర్థం. తెలుగుజాతి అన్నప్పుడు ఒక భాష మాట్లాడేవారు. గిరిజన జాతి అన్నప్పుడు తెగ. జాతి వివక్ష అన్నప్పుడు నల్ల, తెల్ల భేదం. పాత వ్యవహారంలో కులమనే అర్థం కూడా ఉంది. ఇంగ్లీషులో అయిదు వేరువేరు మాటలున్న చోట తెలుగు విద్యార్థికి ఒక్కటే మాట ఉన్నది. కనుక 'జాతి సమస్య' అని పరీక్షలో ప్రశ్న వస్తే ముందు అది ఏ జాతి అని తేల్చుకోవలసి ఉంటుంది.

'వర్గం' సంగతీ అంతే. 'వర్గపోరాటం' అంటే శ్రామికులకు, పెట్టుబడిదారులకు మధ్య జరిగేది. 'వర్గపోరు' అని పత్రికలో కనిపిస్తే ఒకే పార్టీలోని ఇద్దరు నాయకుల కొట్లాట. 'వెనుకబడిన వర్గాలు' అంటే నిజానికి కులాల జాబితా. ఆ జాబితాకు ప్రభుత్వ వ్యవహారంలో 'వెనుకబడిన తరగతులు' అని కూడా పేరు. తరగతి అంటే బడిలో ఉండేదే అనుకునే విద్యార్థికి ఈ పేరు మొదట వింతగా తోచక మానదు. కులాన్ని వర్గమని పిలవడం అనువాద దోషం మాత్రమే కాదు. రాజ్యాంగంలోని పదజాలం, న్యాయస్థానాలలో జరిగిన వాదాలు దీని వెనుక ఉన్నాయి.

దీనికి మరో వైపు కూడా ఉన్నది. వెట్టి, దొర, గడి, పాలేరు, జీతగాడు, కౌలు, నాగు, జోగిని వంటి మాటలకు ఇంగ్లీషులో సమానార్థకాలు లేవు. వీటిలో ఒక్కొక్కటి ఒక సామాజిక సంబంధాన్ని పూర్తిగా ఇముడ్చుకున్నది. అప్పు ఇచ్చిన ధాన్యానికి ధాన్యంగానే వడ్డీ కలిపి వసూలు చేసే నాగు పద్ధతిని ఇంగ్లీషులో వివరించడానికి పెద్ద వాక్యమే కావాలి. ఇటువంటి మాటలు ఇంగ్లీషు సిద్ధాంత గ్రంథాలలో వాలుగా ఉండే అక్షరాలలో, చివర అర్థాల పట్టికతో దర్శనమిస్తాయి. తెలుగులో వాటిని శాస్త్ర పదాలుగా స్థిరపరచే ప్రయత్నం కొద్దిగానే జరిగింది.

పరిభాషను జనంలోకి తెచ్చినవారు ఎక్కువగా విశ్వవిద్యాలయం వెలుపలివారు. వామపక్ష పార్టీల పత్రికలు, మాస్కోలోని ప్రగతి ప్రచురణాలయం తెచ్చిన అనువాదాలు 'ఉత్పత్తి సంబంధాలు', 'అదనపు విలువ' వంటి మాటలను పల్లెటూళ్ళ దాకా చేర్చాయి. నవలా రచయిత్రి రంగనాయకమ్మ మార్క్సు 'పెట్టుబడి'ని తెలుగు పాఠకులకు సులభ శైలిలో పరిచయం చేసింది.

విశ్వవిద్యాలయం వెలుపలి పరిశోధన

తెలుగులో మిక్కిలి ప్రసిద్ధి చెందిన సాంఘిక చరిత్ర గ్రంథం సురవరం ప్రతాపరెడ్డి రచించిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' (1949). కేంద్ర సాహిత్య అకాడమి తెలుగుకు ఇచ్చిన మొదటి పురస్కారం 1955లో ఈ గ్రంథానికే లభించింది. రచయిత వృత్తిరీత్యా న్యాయవాది, గోలకొండ పత్రిక సంపాదకుడు. రాజుల వంశావళులను పక్కనపెట్టి జనం ఏమి తిన్నారు, ఏమి కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు అన్నది కావ్యాల నుండి వెలికి తీశాడు.

తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల అనుభవాలను వారి మాటలలోనే సేకరించిన 'మనకు తెలియని మన చరిత్ర' 1986లో స్త్రీశక్తి సంఘటన కృషితో వెలువడింది. ఇది మొదట తెలుగులో వచ్చి, 1989లో ఇంగ్లీషులోకి వెళ్ళింది. మౌఖిక చరిత్రకు దీనిని దేశవ్యాప్తంగా ఉదహరిస్తారు. కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం బోధించిన కె.బాలగోపాల్ (మరణం 2009) ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలోను, తెలుగు పత్రికలలోను సమాన స్థాయిలో సామాజిక విశ్లేషణలు రాసిన అరుదైన వ్యక్తి. ఈ ముగ్గురు, నలుగురి కృషిలో దేనికీ ఏ సాంఘిక శాస్త్ర విభాగమూ ఆధారం కాకపోవడం ఆలోచించదగ్గది.

పరిశోధన, కొలమానాలు

2010లో యు.జి.సి. తెచ్చిన నిబంధనలు అధ్యాపకుల నియామకాలను, పదోన్నతులను పాయింట్ల పద్ధతికి ముడిపెట్టాయి. వ్యాసానికి ఇన్ని, సదస్సుకు ఇన్ని అని లెక్క. దీని ఉద్దేశ్యం మంచిదే కావచ్చు. కాని డబ్బు తీసుకుని ఏది పంపినా అచ్చువేసే పత్రికలు దేశమంతటా పుట్టుకొచ్చాయి. 2018 మే నెలలో యు.జి.సి. తన ఆమోదిత జాబితా నుండి 4,305 పత్రికలను తొలగించింది. 2019లో 'కేర్' పేరుతో కొత్త జాబితా వచ్చింది, 2025 ఫిబ్రవరిలో దానినీ రద్దు చేసి బాధ్యతను విశ్వవిద్యాలయాలకే వదిలివేశారు.

ఈ లెక్కలో తెలుగులో రాసిన వ్యాసానికి దక్కే విలువ స్వల్పం. ఒక జిల్లాలోని వలస కూలీలపై పరిశోధించిన అధ్యాపకుడు ఆ ఫలితాలను ఆ జిల్లావాసులు చదివే దినపత్రికలో రాస్తే అది సమాజసేవ కిందికి వస్తుంది గాని పరిశోధన కిందికి రాదు. కనుక తెలుగులో చక్కగా రాయగలవారు కూడా, ఎవరూ చదవని ఇంగ్లీషు పత్రికకు డబ్బు కట్టి పంపే పరిస్థితి ఏర్పడింది.

అధ్యాపక అర్హతకు, పరిశోధక వేతనానికి 1989 నుండి జరుగుతున్న జాతీయ అర్హతా పరీక్ష (నెట్) సాంఘిక శాస్త్రాలలో ఇంగ్లీషు, హిందీ భాషలలో మాత్రమే ఉంటుంది. హిందీ రాష్ట్రాల విద్యార్థి మాతృభాషలో ప్రశ్న చదువుకుంటాడు, తెలుగు విద్యార్థికి ఆ సౌకర్యం లేదు. రాష్ట్రస్థాయి అర్హతా పరీక్ష (సెట్) కొంత ఊరట. 2022 నిబంధనలతో యు.జి.సి. ఎం.ఫిల్. కోర్సును రద్దు చేసింది. రెండేళ్ళలో పరిశోధన అంటే ఏమిటో రుచి చూసి, ముందుకు వెళ్ళాలో మానాలో తేల్చుకునే అవకాశం దానితో పోయింది. ఇంటి బాధ్యతలున్న విద్యార్థినులకు, పేద విద్యార్థులకు ఇది నష్టమే.

విద్యార్థులు

ఉమ్మడి రాష్ట్రంలో 1986 నుండి ఎంసెట్ ప్రవేశ పరీక్ష, ఆ తరువాత ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలల విస్తరణ చదువుల స్వరూపాన్నే మార్చివేశాయి. 2008-09 నుండి విస్తరించిన ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం వలన పేద కుటుంబాల పిల్లలకు కూడా ఇంజనీరింగు అందుబాటులోకి వచ్చింది. ఇంటర్మీడియట్‌లో ఎం.పి.సి., బై.పి.సి. తీసుకోనివారిని చదువురానివారుగా చూసే అలవాటు స్థిరపడింది. చరిత్ర, అర్థశాస్త్రం, పౌరశాస్త్రం కలిసిన హెచ్.ఇ.సి. కార్పొరేట్ కళాశాలల ప్రకటనలలో కనిపించదు. డిగ్రీలోనూ ఇటీవలి సంవత్సరాలలో బి.కాం., కంప్యూటర్ సంబంధిత కోర్సులదే పైచేయి. దేశం మొత్తం మీద లెక్క వేరుగా ఉన్నది: 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం డిగ్రీ స్థాయిలో ఆర్ట్స్ విద్యార్థులే అందరికంటే ఎక్కువ, సుమారు 34 శాతం.

అయినా సాంఘిక శాస్త్రాలు చదివేవారు తెలుగునాట తగ్గిపోయారనడం సరికాదు. హైదరాబాదు అశోక్‌నగర్ ప్రాంతంలోని కోచింగ్ కేంద్రాలలో, జిల్లా గ్రంథాలయాలలో వేలాది యువతీ యువకులు రోజుకు పది, పన్నెండు గంటలు చరిత్ర, రాజ్యాంగం, అర్థశాస్త్రం చదువుతూనే ఉంటారు. వారిలో ఇంజనీర్లూ ఉంటారు. గ్రూప్-1, గ్రూప్-2 పరీక్షలే నేడు ఈ శాస్త్రాలకు పెద్ద పోషకులు. తెలుగు అకాడమి పుస్తకాలకు గిరాకీ కూడా ఎక్కువగా వీరి వల్లనే. అయితే అక్కడ ప్రశ్నకు ఒక్కటే సరైన జవాబు ఉంటుంది. సందేహించే అలవాటు ఆ పరీక్షకు పనికిరాదు.

ఎం.ఏ. తరగతులలో కూర్చునేవారిలో నేడు చాలామంది తమ కుటుంబంలో మొదటిసారి విశ్వవిద్యాలయానికి వచ్చినవారు. పూర్వం ఈ శాస్త్రాలకు అధ్యయన వస్తువుగా మాత్రమే ఉన్న కులాల, తెగల పిల్లలు ఇప్పుడు అధ్యయనం చేసేవారుగా వచ్చారు. ఈ మార్పు వలన దళిత, బహుజన, ఆదివాసీ, స్త్రీవాద దృక్పథాలు పాఠ్యప్రణాళికలలోకి ప్రవేశించాయి. విచారకరమైన విషయమేమంటే, సరిగ్గా ఈ కాలంలోనే అధ్యాపక నియామకాలు, నిధులు సన్నగిల్లాయి. విద్యాలయాలలో వివక్ష కూడా సమసిపోలేదు. 2016 జనవరి 17న హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల ఆత్మహత్య ఈ ప్రశ్నను దేశం ముందుంచింది.

అధ్యాపకులు

రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో పదవీ విరమణ చేసినవారి స్థానాలు ఏళ్ళ తరబడి భర్తీ కాలేదు. ఆ పనిని కాంట్రాక్టు అధ్యాపకులు, అకడమిక్ కన్సల్టెంట్లు, పార్ట్‌టైం లెక్చరర్లు చేస్తున్నారు. తెలంగాణలో ఉమ్మడి నియామక మండలి కోసం 2022 సెప్టెంబరులో శాసనసభ ఆమోదించిన బిల్లును గవర్నరు రాష్ట్రపతి పరిశీలనకు పంపడంతో అది ఆగిపోయింది. ఆంధ్ర ప్రదేశ్‌లో 2023లో 3,220 పోస్టుల భర్తీకి ప్రకటనలు వెలువడ్డాయి. ఏటేటా కొనసాగింపు ఉత్తర్వు కోసం ఎదురుచూసే అధ్యాపకుడు అయిదేళ్ళు పట్టే క్షేత్ర పరిశోధనను తలపెట్టలేడు.

కౌలు రైతుల ఉదాహరణ

సాంఘిక శాస్త్ర పరిశోధన లోపిస్తే ఎవరికి నష్టమన్నది కౌలు రైతుల విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. తెలుగునాట కౌలు ఒప్పందాలు అధికభాగం నోటిమాట మీద జరుగుతాయి. రికార్డులలో భూయజమాని పేరే ఉంటుంది. పంట నష్టపోయినా, అప్పు కావాలన్నా, చివరికి ఆత్మహత్య చేసుకున్నా కౌలుదారు రైతుగా లెక్కలోకి రావడం కష్టం. 2004లో రాష్ట్ర ప్రభుత్వం ఆర్థికవేత్త జయతీ ఘోష్ అధ్యక్షతన రైతు సంక్షేమ కమిషన్‌ను నియమించింది. 2011లో వచ్చిన భూ అధీకృత సాగుదారుల చట్టం కౌలుదారుకు ఏడాది కాలానికి రుణ అర్హత కార్డు ఇచ్చే ఏర్పాటు చేసింది. దాని స్థానంలో ఆంధ్ర ప్రదేశ్‌లో 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం యజమాని అంగీకారాన్ని తప్పనిసరి చేసింది. భూమి చేజారుతుందన్న భయంతో యజమానులు సంతకానికి వెనుకాడడం వలన కార్డులు అందనివారు ఎందరో. తెలంగాణలో 2018లో మొదలయిన రైతుబంధు పథకం పట్టాదారులకే వర్తించింది, కౌలుదారులకు వర్తించలేదు.

నిజంగా సాగు చేస్తున్నది ఎవరన్నది ఆఫీసు రికార్డులలో దొరకదు. ఊరిలో ఉండి, నమ్మకం సంపాదించి, అడగవలసిన పద్ధతిలో అడిగితేనే తెలుస్తుంది. 1980లో హైదరాబాదులో ఏర్పడిన ఆర్థిక, సామాజిక అధ్యయన కేంద్రం (సెస్), ఆంధ్ర విశ్వవిద్యాలయపు వ్యవసాయ ఆర్థిక పరిశోధనా కేంద్రం వంటి సంస్థలు ఇటువంటి పని చేస్తూ వచ్చాయి.

కులగణన

తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఇంటింటి సామాజిక, ఆర్థిక, కుల సర్వే ప్రారంభించి సుమారు 3.54 కోట్ల మంది వివరాలు సేకరించింది. ఆ సమాచారాన్ని విశ్లేషించడానికి 2025లో జస్టిస్ బి.సుదర్శన్‌రెడ్డి అధ్యక్షతన, సాంఘిక శాస్త్రవేత్తలు సభ్యులుగా, నిపుణుల బృందం ఏర్పడింది. ఆంధ్ర ప్రదేశ్‌లో కూడా 2024 జనవరిలో కులగణన జరిగింది. 2027 మార్చి 1 తేదీని ప్రాతిపదికగా తీసుకుని, కులాల వివరాలతో సహా దేశవ్యాప్త జనగణన జరపనున్నట్లు కేంద్ర ప్రభుత్వం 2025 జూన్‌లో ప్రకటించింది.

2011లో దేశవ్యాప్తంగా జరిగిన సామాజిక, ఆర్థిక, కులగణనలో ప్రజలు చెప్పిన కులాల పేర్లు 46 లక్షలకు పైగా తేలాయి. 1931 జనగణనలో ఆ సంఖ్య 4,147 మాత్రమే. ఒకే కులాన్ని ఊరికొక పేరుతో పిలవడం, ఇంటిపేరును, గోత్రాన్ని, వృత్తిని, బిరుదును కులంగా చెప్పడం, నమోదు చేసినవారు అక్షరాలను తలా ఒక తీరుగా రాయడం ఇందుకు ప్రధాన కారణాలు. ఆ కుల వివరాలు నేటికీ పూర్తిగా వెలుగు చూడలేదు. ఏ పేరు ఏ పేరుకు మారురూపమో, ఏది వేరు కులమో తేల్చడం యంత్రాలవల్ల పూర్తిగా అయ్యే పని కాదు. ఆయా ప్రాంతాల వాడుకభాష, వృత్తులు, కులపురాణాలు తెలిసిన చరిత్ర, సమాజ శాస్త్ర, మానవ శాస్త్ర పట్టభద్రులు జిల్లాకు పదిమందైనా అందుకు అవసరమవుతారు.